ఒమన్‌కు ఏ కార్తెలో బయలుదేరాలి?

2019 మే నెలలో అమ్మను తీసుకుని మస్కట్ వెళ్ళాను. మా తమ్ముడు మస్కట్‌లోనే రువీ అనే పేటలో ఉంటాడు. చాలా ఏళ్ళుగా అక్కడే ఉద్యోగం. "అక్కా, మేలో వద్దు, డిసెంబర్ దాకా ఆగు" అని ముందే చెప్పాడు. నేను వింటేగా! గవర్నమెంట్ హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్ని. నాకు దొరికే సెలవులు మూడే: దసరా, సంక్రాంతి, ఎండాకాలం. వాటిలో పెద్దవి ఎండాకాలానివి. పైగా ఒక ధీమా. హైదరాబాద్ నల్లకుంటలో డాబా మీది ఇంట్లో ముప్ఫై ఎండాకాలాలు గడిపినదాన్ని, నలభై మూడు డిగ్రీలు నాకు కొత్తా?

రాత్రి రెండు గంటలకు దిగాం. ఎయిర్‌పోర్ట్ అద్దాల తలుపు తెరుచుకుని బయట అడుగు పెట్టగానే నా కళ్ళజోడు మసకబారిపోయింది, వేడివేడి అన్నం గిన్నె మూత తీసినప్పటిలా. అమ్మ అక్కడే ఆగిపోయి, "ఏందిరా ఇది, రాత్రి గూడ గిట్ల ఉడకబెడ్తదా?" అంది తమ్ముడితో. పొద్దున స్నానానికి చన్నీళ్ళ కుళాయి తిప్పితే కాగిన నీళ్ళు వచ్చాయి. ట్యాంకు మేడ మీద ఉంటుంది కదా. అక్కడివాళ్ళు ఎండాకాలం గీజర్ ఆపేసి, ఇంట్లో నీడన ఉండే ఆ గీజర్లోని నీళ్ళనే చన్నీళ్ళుగా వాడుకుంటారట. వేడి కుళాయిలో చన్నీళ్ళు, చల్ల కుళాయిలో వేడినీళ్ళు. నా ఉద్యోగ జీవితంలో ఇంత మంచి ప్రయోగం ఎప్పుడూ చూపించలేదు.

అదీ చాలదన్నట్టు, మేము వెళ్ళింది రంజాన్ నెలలో. ఆ ఏడు మే మొదటివారంలో మొదలై జూన్ మొదట్లో ముగిసింది. పగలు హోటళ్ళు మూత. బయట నలుగురిలో నీళ్ళు తాగినా నేరమే. అమ్మకు షుగర్, వేళకు తినాలి. పదిరోజుల్లో ఏడు రోజులు తమ్ముడి ఫ్లాట్‌లో ఏసీ కింద కూర్చుని, కిటికీలోంచి నల్లటి కొండలు చూసి వచ్చాం.

ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్ళాను, రెండూ బాగా కుదిరాయి. తేడా అంతా నెలలోనే. అందుకే ఎవరైనా ఒమన్ వెళ్తున్నామని, హోటల్ పేరు చెప్పమని అడిగితే నేను ముందు నెల అడుగుతాను. ఊరు తర్వాత, టికెట్ ఆ తర్వాత.

మన ఎండ లెక్క అక్కడ పనికిరాదు

మన ఇళ్ళలో రంజన్, అదే నీళ్ళ మట్టికుండ, ఉంటుంది కదా. ఎండాకాలం అందులో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? కుండ గోడల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. మన ఒళ్ళు చేసే పనీ అదే, చెమటతో. కానీ గాలి పొడిగా ఉంటేనే ఆ పని జరుగుతుంది. హైదరాబాద్ సముద్రానికి దూరంగా, 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. మేలో మధ్యాహ్నం మాడిపోయినా గాలి పొడి, రాత్రి పదయ్యేసరికి డాబా మీద పడుకోవచ్చు. మస్కట్ సముద్రం ఒడ్డున, కొండల మధ్య ఉంది. ఎండాకాలం ఆ సముద్రమే ముప్ఫై డిగ్రీలు దాటి కాగుతుంది. పగలు రాళ్ళు పీల్చుకున్న వేడి రాత్రంతా బయటికి వస్తూనే ఉంటుంది, గాలి నిండా తేమ. చెమట కారుతుంది, ఆరదు. రామగుండం ఎండను, విశాఖ ఉక్కపోతను ఒకే గిన్నెలో కలిపితే ఎలా ఉంటుందో అలా. అక్కడ రంజన్ పెట్టినా నీళ్ళు చల్లబడవు.

అందుకని ఫోన్‌లో వాతావరణం చూసేటప్పుడు పగటి గరిష్ఠాన్ని చూసి గుండె రాయి చేసుకోవడం కాదు, రాత్రి కనిష్ఠాన్ని, డ్యూ పాయింట్‌ను (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత; అది ఎంత ఎక్కువైతే అంత ఉక్క) చూడండి. రాత్రి 30 కింద దిగట్లేదంటే శరీరానికి విశ్రాంతి లేదనే అర్థం. డ్యూ పాయింట్ 25 దాటితే నీడలో నిలబడ్డా లాభం లేదు. మస్కట్ నుంచి తీరం వెంబడి ఆగ్నేయంగా గంట ప్రయాణంలో ఖురియాత్ అనే చిన్న ఊరుంది. 2018 జూన్ 26న అక్కడ ఒక రోజంతటిలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలు. అతి తక్కువ! తెల్లవారుజామున కూడా అంతకంటే దిగలేదు. ప్రపంచంలో అది రికార్డు.

మృగశిర మనకే, వాళ్ళకు కాదు

మన తెలుగువాళ్ళ మనసులో ఒక లెక్క పాతుకుపోయి ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, మృగశిర రాగానే చల్లబడుతుంది, జూన్ మధ్యకల్లా ఎండాకాలం గండం గడిచినట్టే. ఈ లెక్కతోనే నా కొలీగ్ ఒకావిడ జులైలో మస్కట్ ప్యాకేజీ చవకగా దొరికిందని కొనేసింది. చవకగా ఎందుకు ఇస్తున్నారో అడగలేదు.

మనల్ని చల్లబరిచేది నైరుతి ఋతుపవనం. ఆ గాలి అరేబియా సముద్రం మీదుగా ఒమన్ దక్షిణపు కొసను ఒరుసుకుని మనవైపు వచ్చేస్తుంది. మస్కట్ దాకా ఎక్కదు. కాబట్టి మృగశిరతో మనకు ఎండాకాలం ముగిసేనాటికి వాళ్ళకు నడిమధ్యలో ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట కూలిపని చేయించకూడదని అక్కడ చట్టమే ఉంది. చట్టం వద్దన్న వేళలో మనం కోటలు చూడటానికి తిరగడం ఏమిటి?

ఉత్తర ఒమన్‌కు, అంటే మస్కట్, నిజ్వా, సూర్, వాహిబా ఇసుక దిబ్బలకు, నవంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా మంచి కాలం. జనవరిలో మస్కట్ పగలు పాతిక డిగ్రీలు, రాత్రి పదిహేడు. మన కార్తీకమాసంలా అనుకోండి. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళినప్పుడు అమ్మ మస్కట్‌లోని మత్రా సముద్రపు ఒడ్డున మూడు కిలోమీటర్లు నడిచింది. మోకాళ్ళ నొప్పులు గుర్తు రాలేదట. ఆ తర్వాత అక్కడి సూక్‌లో, అంటే బజారులో, బేరమాడింది, తెలుగులో. దుకాణదారుకు అర్థమైంది కూడా.

అక్టోబర్, ఏప్రిల్ నెలలు అటూ ఇటూ. వయసులో ఉన్నవాళ్ళకు ఫరవాలేదు. అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో అయితే నేను వద్దంటాను.

చలికాలపు ఎడారి గురించి ఒక హెచ్చరిక. వాహిబాలో క్యాంపులో పడుకున్న రాత్రి నేను ఇద్దరి దుప్పట్లు కప్పుకున్నాను. గాలి పొడి, మబ్బు లేదు, ఇసుక వేడిని పట్టి ఉంచదు. సూర్యుడు దిగిన గంటలో వేడంతా ఆకాశంలోకి పోతుంది. ఎడారికి వెళ్తూ స్వెటర్ ఏమిటని నవ్విన మా తమ్ముడి కొడుకు తెల్లారేదాకా కారులో హీటర్ వేసుకుని కూర్చున్నాడు.

పంచాంగం పక్కన హిజ్రీ క్యాలెండర్ పెట్టుకోండి

మన పండుగలు ఏటా పది పన్నెండు రోజులు ముందుకొచ్చినా, మూడేళ్ళకోసారి అధికమాసం వచ్చి మళ్ళీ వెనక్కి నెడుతుంది. అందుకే దసరా ఎప్పుడూ సెప్టెంబర్ చివరికి, అక్టోబర్ చివరికి మధ్యనే తిరుగుతుంది. 2025లో అక్టోబర్ 2న వస్తే, అధిక జ్యేష్ఠం పుణ్యమా అని 2026లో అక్టోబర్ 20కి జరిగింది. ముస్లింల హిజ్రీ లెక్కలో అధికమాసం లేదు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులూ చుట్టి వస్తుంది. 2019లో మేలో వచ్చిన రంజాన్ 2026లో ఫిబ్రవరి మధ్యకు వచ్చేసింది. 2027లో ఫిబ్రవరి రెండోవారం దగ్గర, 2028లో జనవరి చివర. అంటే ఇంకొన్నేళ్ళు రంజాన్ సరిగ్గా ఒమన్ మంచి కాలంలోనే పడుతుంది. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది కాబట్టి, అంచుల్లో రెండు రోజులు వదిలి టికెట్ తీసుకోండి.

రంజాన్‌లో అసలు వెళ్ళకూడదని కాదు. సాయంత్రం ఆజాన్ అయ్యాక మత్రా కళే వేరు, మన చార్మినార్ రాత్రుల్లాగే. కాకపోతే పగటి భోజనం ఏర్పాటు ముందే చూసుకోవాలి. మందులు వేసుకునేవాళ్ళున్న ఇంట్లో నేను ఆ నెల పెట్టుకోను.

వారం లెక్క కూడా మారుతుంది. అక్కడ సెలవు శుక్ర, శనివారాలు. నిజ్వాలో మేకల సంత శుక్రవారం పొద్దున్నే, ఎండెక్కేసరికి అయిపోతుంది. మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులోకి మనలాంటివాళ్ళను శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో పొద్దున 8 నుంచి 11 దాకా రానిస్తారు. ఆడవాళ్ళు తల, చేతులు, కాళ్ళు కప్పుకోవాలి, చీర కంటే ఫుల్ చేతుల చుడీదార్ సుఖం. అందులో పరిచిన తివాచీ ఒక్కటే నాలుగువేల చదరపు మీటర్లకు పైన, 600 మంది ఆడవాళ్ళు నాలుగేళ్ళు నేసిందట. దాని కోసమైనా ఒక గురువారం ఉదయం కేటాయించండి.

నెల మార్చలేకపోతే ఎత్తు మార్చండి

మేలో తప్ప సెలవు దొరకనివాళ్ళ సంగతేమిటి? వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది, ఇది తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా చెప్పొచ్చు. జబల్ అఖ్దర్ కొండ మీది సైఖ్ పీఠభూమి సుమారు 2000 మీటర్ల ఎత్తు. కింద మస్కట్ 42లో ఉడుకుతుంటే పైన ముప్ఫైకి అటూ ఇటూ, అదీ పొడిగాలితో. రాత్రి కిటికీ తెరిచి పడుకోవచ్చు. పైకి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటేనే పంపిస్తారు. బిర్కత్ అల్ మౌజ్ దాటాక పోలీసు చెక్‌పోస్టులో ఆపి చూస్తారు. మామూలు కారుతో వెళ్ళి వెనక్కి తిరిగిన కుటుంబాలను రెండింటిని చూశాను. కింద నిజ్వాలోనే డ్రైవర్‌తో సహా బండి మాట్లాడుకోవడం మేలు.

మార్చి చివరి నుంచి మే మొదటి వారాల దాకా ఆ కొండ మీద మెట్ల పొలాల్లో గులాబీలు పూస్తాయి. తెల్లవారకముందే కోసి, మట్టి పొయ్యిల మీద కుండల్లో పన్నీరు బట్టీ పడతారు. పెళ్ళిళ్ళలో మన మీద చల్లే పన్నీరు కాదు, పొగ వాసన కలిసిన ఘాటు పన్నీరు.

జబల్ షమ్స్ ఇంకా ఎత్తు, 3000 మీటర్ల దాకా. చలికాలం రాత్రుళ్ళు సున్నా కిందికి పోతుంది. జనవరిలో వెళ్తే మంకీ క్యాప్‌కు సిగ్గుపడకండి.

ఖరీఫ్ అంటే మన ఖరీఫే

దక్షిణాన సలాలాది వేరే లెక్క. జూన్ 21 నుంచి సెప్టెంబర్ 21 దాకా అక్కడి కాలాన్ని ఖరీఫ్ అంటారు. మన రైతులు వానాకాలం పంటకు అనే ఖరీఫ్ అదే మాట. అరబ్బీలో శరత్తు అని అర్థం, రబీ అంటే వసంతం. పారశీకం మీదుగా రెవెన్యూ కచేరీల్లోకి, అక్కణ్ణించి మన పొలాల్లోకి వచ్చింది. సలాలాలో ఆ మాట విని అమ్మ, "గీళ్ళు గూడ వరి నాటేస్తరా?" అంది.

మస్కట్‌ను వదిలేసిన నైరుతి గాలి సలాలాను మాత్రం పట్టుకుంటుంది. ఆ గాలి జోరుకు తీరంలో పైనీళ్ళు పక్కకు జరిగి, లోతు నుంచి చన్నీళ్ళు పైకి వస్తాయి. వాటి మీదుగా వచ్చే తేమగాలి చల్లబడి మంచుతెరలా మారి ధోఫార్ కొండలకు తగులుకుంటుంది. మూడు నెలలు ముసురు. పాతిక డిగ్రీల చుట్టూ ఉష్ణోగ్రత, కొండలంతా పచ్చిక, వాదీ దర్బాత్ అనే వాగులో జలపాతాలు. కొండ దాటి థుమ్రైత్ దారిలో ఉత్తరానికి దిగితే కొన్ని కిలోమీటర్లలోనే మంచు తెగిపోయి మళ్ళీ నలభై డిగ్రీల ఎడారి. ఎవరో కత్తిరించి అతికించినట్టు ఉంటుంది.

కానీ మనలాంటి వానాకాలం చూసినవాళ్ళు ఖరీఫ్ కోసం అంత దూరం పోవాలా? నా అభిప్రాయం చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి. గల్ఫ్ వాళ్ళకు ఆ ముసురు స్వర్గం. జులై, ఆగస్టుల్లో కార్లు బారులు తీరి వస్తాయి, గది అద్దెలు రెట్టింపు దాటుతాయి. పొగమంచులో కొండ దారిలో ఎదురుగా ఒంటె నిలబడ్డా కనపడదు. సముద్రం ఉగ్రంగా ఉంటుంది, దిగనివ్వరు. ఆషాఢమాసపు అనంతగిరి చూసినవాళ్ళకు అందులో కొత్త తక్కువ. మనకు పనికొచ్చేది ఖరీఫ్ అయిన వెంటనే వచ్చే 'సర్బ్'. సెప్టెంబర్ మూడోవారం నుంచి మంచు విడిపోతుంది, పచ్చదనం ఇంకా ఉంటుంది, ఎండ కాస్తుంది, అద్దెలు దిగుతాయి. దసరా త్వరగా వచ్చిన ఏడు మనకు సరిగ్గా సరిపోతుంది. 2025లో స్కూళ్ళకు సెప్టెంబర్ 21 నుంచి సెలవులిచ్చారు, మేము 22న బయలుదేరాం. నాలుగు రోజులు సలాలా, రెండు రోజులు తమ్ముడింట్లో, సద్దుల బతుకమ్మకు నల్లకుంటలో ఉన్నాం. దసరా అక్టోబర్ మూడోవారానికి జరిగిన ఏడు గడ్డి ఎండిపోతూ ఉంటుంది, అప్పుడు ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఊరి మధ్యలో కొబ్బరితోటలు, అరటితోటలు, దారి పక్కన బొండాలు కొట్టి ఇచ్చే దుకాణాలు చూస్తే కోనసీమలో దిగామా అనిపిస్తుంది. సాంబ్రాణి చెట్లు మాత్రం కొండకు ఆవల, వాన పడని వైపు ఉంటాయి. వాదీ దౌకాలో చూడొచ్చు. చెట్టు బెరడు గీస్తే పాలకారి గట్టిపడే ఆ జిగురును వాళ్ళు లుబాన్ అంటారు. మన పాతబస్తీలో పొగ వేసే లోబాన్ పేరు దాన్నుంచి వచ్చిందే, ఇక్కడ అమ్మేది చాలాసార్లు వేరే చెట్టుది.

మస్కట్ నుంచి సలాలా దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఎడారి రోడ్డు. విమానంలో గంటన్నర. రోడ్డు ప్రయాణం రొమాన్స్ యూట్యూబ్‌లో చూసుకోండి.

మబ్బు పడితే వాదీలోకి దిగొద్దు

ఇది టూరిస్టు కబురు కాదు, శ్రద్ధగా చదవండి. వాదీ అంటే కొండల మధ్య వాగు. పైకి ఎండి కనిపిస్తుంది. ఎక్కడో కొండ మీద అరగంట వాన పడితే, మనం నిలబడ్డచోట చుక్క రాలకుండానే గోడలా నీళ్ళు వస్తాయి. రాతినేల, పీల్చుకునే మట్టి లేదు. మేము మస్కట్‌లో ఉన్న ఆ 2019 మేలోనే వాదీ బనీ ఖాలిద్‌లో ఒక భారతీయ కుటుంబం వరదలో కొట్టుకుపోయింది. ఆ వార్త విన్న రోజు తమ్ముడు మా ప్రోగ్రాం అంతా రద్దు చేశాడు.

చలికాలంలో డిసెంబర్ నుంచి మార్చి మధ్య అప్పుడప్పుడు వానలు పడతాయి, నడి ఎండాకాలంలో హజర్ కొండల మీద మధ్యాహ్నపు ఉరుములు ఉంటాయి. మే, జూన్, అక్టోబర్ నెలలు తుఫానుల కాలం కూడా. 2007 జూన్‌లో గోను, 2018 మేలో మెకును, 2021 అక్టోబర్‌లో షాహీన్. కాబట్టి వాదీ షాబ్‌కు వెళ్ళే రోజు పొద్దున్నే వాతావరణ హెచ్చరిక చూడండి. కొండల మీద మబ్బు కనిపిస్తే ఆ రోజు కోటలకు మార్చుకోండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే కారు దించడం అక్కడ శిక్షార్హం. ఎదుటి బండి దాటిందని మనమూ దాటడం హైదరాబాద్ అలవాటు, దాన్ని శంషాబాద్‌లో వదిలేసి వెళ్ళండి.

రోజును రెండు ముక్కలు చేసుకోవాలి

ఏ నెలలో వెళ్ళినా పొద్దున ఆరు నుంచి పది, సాయంత్రం నాలుగున్నర నుంచి పది. మధ్యలో భోజనం, నిద్ర. దుకాణాలు కూడా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు, వాళ్ళకు తెలుసు. గడియారం మనకంటే గంటన్నర వెనక. మన శరీరం తెల్లవారుజామున తనంతట తనే లేస్తుంది, దాన్ని వాడుకోండి.

సామానులో తెల్లటి నూలు బట్టలు, ఒక శాలువా తప్పనిసరి. శాలువా ఎండకు కాదు, మాల్స్‌లో ఏసీకి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడే కొనుక్కోండి. రియాల్ అంటే రెండొందల రూపాయల పైమాటే, అక్కడ కొనే ప్రతి చిన్న వస్తువూ నొప్పి పెడుతుంది. ఎండాకాలమైతే ఇన్సులిన్, ఆవకాయ, ఫోన్ ఈ మూడింటినీ ఆగిన కారులో వదలొద్దు. మొదటిసారి మా ఆవకాయ సీసా కారు డిక్కీలో నాలుగు గంటలుండి నూనె అంతా కక్కింది. తమ్ముడి కారు ఇప్పటికీ ఇంగువ వాసన వేస్తుందట. వీసా నిబంధనలు మారుతుంటాయి, రాయల్ ఒమన్ పోలీస్ ఈ-వీసా సైట్‌లో బయలుదేరే నెలలోనే చూసుకోండి.

ఇదే లెక్క పక్క దేశాలకూ పనికొస్తుంది. దుబాయ్, దోహా తీరం ఊళ్ళు, మస్కట్ లెక్కే. సౌదీ రాజధాని రియాద్ 600 మీటర్ల ఎత్తున లోపలికి ఉంది, ఎండ ఎక్కువైనా పొడి. అదే దేశంలో అబ్హా 2200 మీటర్ల మీద, ఎండాకాలంలోనే హాయి. ఈజిప్టుకైతే మార్చి వస్తే ఖంసీన్ అనే ఇసుకగాలి మొదలవుతుంది.

జబల్ అఖ్దర్ గులాబీలు మాత్రం నాకింకా దొరకలేదు. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్, సెలవులు 24 దాకా రావు, అప్పటికి పూలు చివరికొస్తాయి. వచ్చే ఏడు సెలవులిచ్చిన రాత్రికే విమానం ఎక్కాలని ఉంది. తమ్ముడికి చెప్పి ఉంచాను: దిగగానే రువీ ఫ్లాట్‌కు కాదు, తెల్లారేసరికి బిర్కత్ అల్ మౌజ్ చెక్‌పోస్ట్ దగ్గర ఉండాలని.